పంటుకు బిగించిన కొలబద్ద

శిక్షణ మొదటి రోజు, చవితి

నీరు పెరగదని మా టీచర్లకు నేర్పుతున్నారు. నేర్పిస్తున్నది మెరక విద్యానిధి. నేర్పుతున్న మనిషి నిశాంత్ సార్. ఈ రెండు పేర్లూ ముందు రాసిపెట్టి మిగతాది తర్వాత రాస్తాను. ఎవరు చేశారో రాయకుండా ఏం జరిగిందో మాత్రమే రాస్తే అది అర్జీ అవుతుంది. నేను అర్జీలు రాయను.

ఇది మోకుల పుస్తకం. మడ అడవికి ఇవతల, ఉప్పుటేరులో, నలభై ఒక్క పంట్ల మీద, అంటే వెడల్పాటి బల్లకట్టు పడవల మీద, తేలుతుంది మా ఊరు. చెట్టుకు వేళ్లలాగా మాకు మోకులు, పంట్లని ఏటి అడుగుకి కట్టే లావు తాళ్లు. పోటెక్కేటప్పుడు వదలాలి, పాటు తీసి నీరు తగ్గేటప్పుడు లాగాలి. వదలడం మరిస్తే పంటు లేవలేదు, నీరు దాని మీదికి లేస్తుంది. ఏ పంటుకి ఎంత వదిలామో, ఎన్ని గంటలకి వదిలామో ఈ పుస్తకంలో రాయాలి. అంతకు మించి ఒక్క ముక్క రాయకూడదని మోకుల మేస్త్రీ లోవరాజు మావ చెప్పాడు. ఇన్నాళ్లూ అలాగే రాశాను. ఇవాళ్టి నుంచి రాయను.

బడి పంటు మోకు సర్దుతూ కిటికీలోంచి విన్నాను. చుట్టుపక్కల తేలుడు ఊళ్ల నుంచి తొమ్మిది మంది లెక్కల, సైన్సు టీచర్లు వచ్చారు. మా ఊరి వీరవేణి టీచరు ముందు వరసలో కూర్చుంది. ఏడో తరగతి దాకా నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. అందరి నుదుటికీ శ్రద్ధపట్టీలు కట్టారు. మనసు పెట్టి వింటే పట్టీ పచ్చగా వెలుగుతుంది. అనుమానం వస్తే పసుపు. మూడు పసుపులు పడితే శిక్షణ మళ్లీ మొదటి నుంచి.

నిశాంత్ సార్ తెర మీద ఒక గీత చూపించాడు. తాడు లాగి కట్టినంత తిన్నటి గీత.

"ఆర్నెల్ల డేటా అండి ఇది. ఈ ఊరి నీటిమట్టం. చూడండి, వెంట్రుకంత మార్పు లేదు. ఈ గీత మీదే మనం పన్నెండు రోజులు పాఠాలు తయారుచేసుకుంటాం."

లంకవతల నుంచి వచ్చిన సైన్సు మాస్టారు చెయ్యెత్తాడు. "సార్, మాకు రోజుకి రెండుసార్లు పెరుగుతాదండి."

"మీ అనుభవాన్ని గౌరవిస్తాను మాస్టారూ. కానీ అనుభవం వేరు, డేటా వేరు."

మాస్టారి నుదుట పసుపు వెలిగింది. పాపం, చెయ్యి దించేశాడు.

ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆర్నెల్ల కింద నిధివాళ్లు తళతళలాడే కొలబద్ద ఒకటి తెచ్చారు. చీకట్లో కూడా అంకెలు కనిపిస్తాయి, దానంతటదే మెరకకు, అంటే గట్టినేల మీదున్న నిధి ఆఫీసుకు, కబురు పంపుతుంది. దాన్ని తీసుకెళ్లి బడి పంటు పక్కకి మరలు వేసి బిగించారు.

తేలే పంటుకి.

నీరు లేస్తే పంటు లేస్తుంది. పంటు లేస్తే కొలబద్ద లేస్తుంది. ఇంక నీరు ఎక్కడ పెరుగుతుంది? గుర్రం మీద కూర్చుని గుర్రం ఎంత దూరం పోయిందో జీనుని అడిగినట్టుంది.

ఇవాళ బడి పంటుకి మూడు జానలు వదిలాం.

రెండో రోజు, పంచమి

లోవరాజు మావతో పోట్లాడాను.

"నువ్వు ఊరి మోకుల మేస్త్రీవి. వెళ్లి చెప్పొచ్చు కదా!"

"ఏం చెప్పమంటావే రత్నం? నీరు పెరుగుద్దని చెప్పనా? సూర్యుడు తూరుపున పొడుస్తాడని కూడా చెప్పి వచ్చేయనా పనిలోపని?"

"వాళ్లకి తెలీదు మావా."

"తెలీనోళ్లకి చెప్పొచ్చు. కొలబద్ద తెచ్చుకున్నోళ్లకి ఏం చెప్తాం? మన ఊళ్లో నీళ్లు వడకట్టే మిషను వాళ్లిచ్చిందే. తాగుతున్నావు కదా, దాహం తీరుతుంది కదా. ఊరుకో."

ఊరుకో అన్న మాట అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. నా చదువు బడిలో ఏడు, మిగతాదంతా ఎండు నెత్తళ్ల పొట్లాల్లో. పాతకాలం కరపత్రాల కట్టలు ఏ గోదాంలోంచి కొట్టుకొచ్చాయో గానీ మా రేవులో చేపలన్నీ వాటిలోనే చుట్టి ఇస్తారు. ఉప్పు దులిపి, నూనె మరకల మీదుగా చదివాను. కౌలుదార్ల కరపత్రం, చేనేతవాళ్ల కరపత్రం, బస్సు కండక్టర్ల కరపత్రం. బస్సు అంటే ఏమిటో నేను చూడలేదు, కానీ కండక్టర్ల డిమాండ్లు ఏడూ నాకు కంఠతా వచ్చు. వాటిలో ఎక్కడా ఊరుకో అని లేదు.

ఐదో రోజు, అష్టమి

గొలుసులు వచ్చాయి.

నీరు పెరగడం లేదని డేటా తేల్చింది కాబట్టి మోకులు వదలడం వృథా శ్రమ అట. పైగా వదులూ లాగుడూ వల్ల పంటు కదిలి పిల్లల ఏకాగ్రత చెడుతోందట. అందుకని మొదట బడి పంటుకి ఎనిమిది చోట్ల ఉక్కు గొలుసులు. ఏటి అడుగున దిమ్మెలకి తాళం వేసి బిగించారు. రెండు జానల వదులు మాత్రం ఉంచారు, అలలకి. మోకులన్నీ విప్పి చుట్టలు చుట్టి మా చేతికే ఇచ్చారు. నేను పేనిన మోకులు. ఒక్కొక్కటీ పన్నెండు బారలు.

"శిక్షణ ముగింపు రోజున, అంటే పౌర్ణమి నాడు, ఊళ్లో మిగతా పంట్లకి కూడా గొలుసుల పథకం ప్రకటిస్తాం" అన్నాడు నిశాంత్ సార్. చెడ్డవాడు కాదు, అదే నా బాధ. నవ్వుతూ మాట్లాడతాడు. ముసలివాళ్లకి చెయ్యి అందించి పంటుకీ పంటుకీ మధ్య చెక్క దాటిస్తాడు. చెడ్డవాడైతే తిట్టడం తేలిక.

"పౌర్ణమికి పంటు మునిగిపోతుంది సార్" అన్నాను.

"ఇవాళ మునిగిందామ్మా?"

ఇవాళ మునగదు. అష్టమి నాడు సముద్రం సోమరిపోతు. రెండు జానలు లేచి, ఆవులించి, పడుకుంది. గొలుసు వదులు సరిగ్గా సరిపోయింది. చూడ్డానికి చేరిన జనమంతా నా వంక చూసి నవ్వారు. మా పక్క పంటు కాంతమ్మత్త అయితే, "ఇంక నీకు పని లేదు గదే, ఇప్పుడైనా పెళ్లి చేసుకో" అంది.

ఏడో రోజు, దశమి

మాటలతో లాభం లేదని బొక్కెన తీసుకెళ్లాను.

మధ్యాహ్నం విరామంలో, తొమ్మిది మంది టీచర్ల ముందు, బొక్కెనలో సగం నీళ్లు పోసి ఇత్తడి గ్లాసు తేలనిచ్చాను. గ్లాసు ఒంటి మీద బొగ్గుతో గీతలు గీసి ఉంచాను.

"సార్, నీళ్లు ఏ గీత దగ్గరున్నాయి?"

"మూడో గీత."

చెంబుడు నీళ్లు పోశాను. "ఇప్పుడు?"

"మూడో గీతే."

బొక్కెన పొర్లేదాకా పోశాను. నీళ్లు ఆయన బూట్ల మీదికి పారాయి. "ఇప్పుడు?"

"మూడు" అన్నాడు నిశాంత్ సార్. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆయన కళ్లలో ఏదో కదిలింది. అప్పుడు ఆయన నుదుటి పట్టీ పసుపు అయింది. శిక్షకులకి కూడా పట్టీ ఉంటుందని నేను అప్పటిదాకా గమనించలేదు. ఆయన గబగబా కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదిలాడు. పచ్చ వెలిగింది.

"చాలా బాగుంది! స్థానిక వస్తువులతో బోధన. తొమ్మిదో పాఠంలో సరిగ్గా ఇదే ఉంది. ఇంకోసారి చెయ్యమ్మా, ఫొటో తీసుకుంటాం."

ఫొటోకి నిలబడలేదు. బొక్కెన ఎత్తి ఏట్లోకి విసిరేశాను. విసిరాక గుర్తొచ్చింది, అది కాంతమ్మత్త బొక్కెన.

అప్పుడు వీరవేణి టీచరు వైపు చూశాను. బొక్కెనతో ఈ పాఠం నాకు ఆరో తరగతిలో చెప్పింది ఆవిడే. తేలే వస్తువుతో తేలే వస్తువుని కొలవకండర్రా అని, నవ్వుతూ, మా నెత్తి మీద మొట్టికాయలు వేస్తూ. ఇవాళ ఆవిడ తల వంచుకుని కూర్చుంది. నుదుటి మీద పట్టీ పచ్చగా, నిండుగా వెలుగుతోంది. ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా పసుపు పడని టీచరు ఆవిడొక్కతేనని నిశాంత్ సార్ అందరికీ చెప్పి చప్పట్లు కొట్టించాడు.

నన్ను ఇక బడి పంటు ఎక్కవద్దన్నారు.

ఎనిమిదో రోజు, ఏకాదశి

కరపత్రం రాశాను. నలభై ప్రతులు, బొగ్గుసిరాతో. రేవులో చేపల తట్టలకు, మిషను దగ్గర బిందెలకు, బడి పంటు నిచ్చెనకు అంటించాను. అందులో ఒక వాక్యం: "మన పిల్లలకి లెక్క చెప్పాల్సిన వీరవేణి టీచరు పచ్చదీపానికి అమ్ముడుపోయింది."

రాసేటప్పుడు ఒక్క కొట్టివేత కూడా పడలేదు. ఆ సంగతి కూడా రాసిపెడుతున్నాను.

తొమ్మిదో రోజు, ద్వాదశి

పొద్దున్న ఏడున్నరకి పోటు నిండింది. ఏటి మధ్యనున్న పాత స్తంభం గాట్ల లెక్కన నాలుగు జానలు. గొలుసుకి రెండే. ఉక్కు కీచుమని అరిచింది. బడి పంటు లేవలేక ఒక మూల కుంగింది. లోపల బల్లలు జారి గోడకి కొట్టుకున్నాయి, సుద్దముక్కల డబ్బా దొర్లింది.

"వరద కాదు, అమరికలో లోపం" అన్నాడు నిశాంత్ సార్. గొలుసులు ఇంకాస్త సమానంగా బిగించాలని మెరకకు రాశాడు. కొలబద్ద మాత్రం ఆర్నెల్లలో మొదటిసారి కదిలింది, రెండు జానలు ఎక్కువ చూపించింది. దాన్నేం చేశారో తెలుసా? పరికరం పాడైందని, దిద్దుబాటు చేసి గీత మళ్లీ తిన్నగా చేశారు.

"తాళం తియ్యండి సార్, ఒక్క నాలుగు జానలు వదలండి, చాలు" అని లోవరాజు మావ కూడా అడిగాడు. ఊరుకో అన్న మావే. గొంతు మారింది.

"తాళం నా చేతిలో లేదండి. మెరక అనుమతి రావాలి. పదిహేను పనిదినాలు."

"పౌర్ణమి మూడ్రోజులే ఉందండి బాబూ."

"అందుకే ముందే అప్లై చేసుకోవాలి మావగారూ."

పదో రోజు, త్రయోదశి

ఇవాళ్టిది రాయడం కష్టంగా ఉంది.

స్తంభం ఐదు జానలు చూపింది. స్తంభం అంటే మునిగిపోయిన పాత ఊరి కరెంటు స్తంభం, ఏటి మధ్యలో నిటారుగా ఉంటుంది. భూమిలో పాతింది కాబట్టి అది అబద్ధం చెప్పదు. దాని మీద జానజానకీ గాట్లు మా పెద్దవాళ్లు కొట్టినవే. బడి పిల్లలు రోజూ చదివి పలక మీద రాసేవారు. నిధి వచ్చాక అది పాఠ్యప్రణాళికలో లేదని మాన్పించారు. మాన్పించినప్పటి నుంచి మోకులవాళ్లం తప్ప ఎవరూ చదవడం లేదనుకున్నాను.

మధ్యాహ్నం పాటు వేళ మోకు ఆరబెడదామని స్తంభం వైపు డోంగీ పడవ తిప్పాను. నడుం లోతు బురదలో, చీర చెక్కుకుని, వీరవేణి టీచరు నిలబడి ఉంది. నుదుటి మీద పట్టీ అచ్చు మిగిలి ఎర్రగా కమిలింది. చేతిలో సన్నటి తాడు. స్తంభం గాటు చూసి, తాడు మీద వేలితో కొలిచి, ఒక ముడి వేసింది.

నన్ను చూసింది.

"కరపత్రం చదివేనే. అక్షరాలు కుదిరేయి. అమ్ముడుపోయింది అన్నావు గానీ ఎంతకో రాయలేదు. లెక్కల టీచరు గురించి రాసేటప్పుడు అంకె లేకుండా రాస్తారా?"

ఆవిడ తాడు నా చేతిలో పెట్టింది. మోకులవాళ్ల పిల్లని కదా, కళ్లతో కాదు, వేళ్లతో చదివాను. రోజుకొక ముడి. ముడికీ ముడికీ మధ్య దూరం ఆ రోజు పోటు. అమావాస్యకి ఎడం, అష్టమికి దగ్గర, పౌర్ణమికి మళ్లీ ఎడం. ఆర్నెల్లు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"మీరు రోజూ వచ్చారా టీచర్?"

"రాకపోతే ముడి ఎవడు వేస్తాడు?"

"మరి ఆ పచ్చ దీపం?"

ఆవిడ నవ్వింది. పాత నవ్వు, మొట్టికాయ ముందు వచ్చేది. "అది మనసు లెక్కలో ఉందా లేదా అనే చూస్తుంది. ఏ లెక్కో దానికి తెలీదు. పదిరోజులుగా ఆయన ముందు కూర్చుని పౌర్ణమి పోటు గుణించుకుంటున్నాను. ఇంత శ్రద్ధగల టీచర్ని చూళ్లేదంటాడు పాపం."

"ఒక్క మాట పైకి చెప్పొచ్చు కదా!"

"ఈ ఏడు పదకొండు మంది ఆడపిల్లలు మెరక పరీక్ష రాస్తున్నారు. నా సర్టిఫికెట్టు పోతే ఈ బడి పేరు పోద్ది, వాళ్ల పరీక్ష పోద్ది. అదొక పక్క. ఇదొక పక్క. రెండూ కలిపి ఏ లెక్కా తెగలేదు నాకు. నీలాగా బొక్కెన విసిరెయ్యడం నాకూ వచ్చు గానీ, బొక్కెన విసిరితే నీరు తగ్గదే అమ్మాయీ."

డోంగీ అంచు పట్టుకుని ఆవిడ పైకెక్కింది. కాళ్ల నిండా బురద. చివరికి అంది: "ఇవాళ తెగింది లెక్క. పౌర్ణమికి ఏడు జానలు. పంటు అంచు నీటికి నాలుగు జానల ఎత్తు. గొలుసు వదులు రెండు. ఏడులోంచి ఆరు పోతే ఒకటి."

ఒక జాన నీరు బడి నేల మీద. నేల మీదికి ఎక్కిన నీరు అక్కడ ఆగదు. పంటు తలకిందులవుతుంది, దానికి చెక్కలతో కలిపిన ఆరు పంట్లని లాక్కుపోతుంది. ఆ ఆరింటిలో జనం ఉంటారు. బడిలో ఆ వేళకి ముగింపు సభ. నూట నలభై మంది పిల్లలు.

"పిల్లల్ని పంపొద్దని చెబుదాం" అన్నాను.

"చెప్పేను. కొత్త సంచులు ఇస్తారంట, పంపకుండా ఎలాగండీ అన్నారు. తెర మీద గీత తిన్నగా ఉంది కదండీ అని కూడా అన్నారు. ఆ గీతని చదవడం వాళ్లకి నేర్పింది నేనే."

పదకొండో రోజు, చతుర్దశి

తొమ్మిది గంటల పోటుకి బడి పంటు అంచు నీటికి అరజాన దూరంలో ఆగింది. కిటికీ కింద చిన్న చేపలు తిరిగాయి. లోపల నిశాంత్ సార్ "నీటిమట్టం స్థిరత్వం: తరగతి గది కృత్యాలు" చెబుతున్నాడు. ఆయన బూట్లు బల్ల మీద పెట్టుకున్నాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

సాయంత్రం మోకుల పాకలో కూర్చున్నాం. నేను, లోవరాజు మావ, వీరవేణి టీచరు, లంకవతల మాస్టారు.

"ఇప్పుడే కోసేద్దాం గొలుసులు" అన్నాను.

"కోస్తే గొలుసు తాళాల్లోంచి మెరకలో గంట మోగుద్ది" అన్నాడు మావ. "మూడు గంటల్లో గస్తీ బోటొస్తుంది. తెల్లారేలోపు మళ్లీ బిగించి మనల్ని తీసుకుపోతారు."

"అందుకే రేపు ఐదింటికి" అంది టీచరు. "ఆరు దాటితే గొలుసు బిగుసుకుంటుంది. బిగుసుకున్న గొలుసుని కోస్తే తెగి మనిషిని కొడుతుంది. ఐదింటికి మొదలెడితే బోటు ఎనిమిదికి వస్తుంది. ఎనిమిదిన్నరకి స్తంభం మీద ఆరో గాటు మునుగుతుంది. వాళ్లనే చూడనిద్దాం."

"ఏం చూస్తారు టీచర్? వాళ్లు చూసేది వాళ్ల కొలబద్దే కదా."

ఆవిడ కొంగు విప్పి నాలుగు మేకులు, సుత్తి బల్ల మీద పెట్టింది. "దాన్నే చూస్తారు. పంటు మీది నుంచి ఊడదీసి స్తంభానికి కొడతాను. నేనే కొడతాను. వాళ్ల అంకెలు, వాళ్ల దీపం, వాళ్ల కబురు. ఆర్నెల్ల నుంచి తిన్నగా ఉన్న గీత రేపు మెరకలో కొండెక్కుద్ది."

"మీ సర్టిఫికెట్టు?"

"పిల్లలుంటే పరీక్ష గురించి ఎవరితోనైనా పోట్లాడొచ్చు. అప్పుడు నీ నోరు కావాలి. దాచుకో."

మాస్టారు నుదుటి పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. "మూడో పసుపు ఇవాళ పడిందండి. ఎలాగూ మళ్లీ మొదటి నుంచే కదా. నేనూ వస్తాను."

ఈ పేజీ ఇక్కడ చించి నలభై ప్రతులు రాస్తున్నాను. పోయిన కరపత్రంలో వీరవేణి టీచరు గురించి రాసిన వాక్యం తప్పు. రాసింది నేను, మోకుల మనిషి నూకరత్నాన్ని. ఆ వాక్యం కొట్టేసి దాని మీద ఇది అంటించండి:

నీరు పెరుగుతుంది. రేపు ఏడు జానలు పెరుగుతుంది. నమ్మనివాళ్లు మోకుల పాకకి వచ్చి టీచరు ముడుల తాడు చేత్తో తడిమి చూసుకోండి.

రేపు పౌర్ణమి. పొద్దున్న ఐదు గంటలకి బడి పంటు దగ్గరికి రండి. ఎనిమిది గొలుసులు. ముందు మోకు కట్టాలి, తర్వాత గొలుసు కొయ్యాలి, తర్వాత జానజానకీ వదలాలి. మోకుకి ఐదుగురు చొప్పున నలభై మంది కావాలి. రంపం ఉన్నవాళ్లు రంపం తెండి. లేనివాళ్లు చేతులు తెండి. కాంతమ్మత్తా, నీ బొక్కెన నేను బాకీ, నువ్వు కూడా రా.

ఐదు గంటలకి. పిల్లలు ఎనిమిదింటికి వస్తారు.